తల్వార్ వదిలి తూంబా పట్టిన చేతులు

షాదీ దావత్‌లో బగారా ఖానా పక్కన కద్దూ కా దాల్చా లేకపోతే మన బుజుర్గులు ఊరుకోరు. మీఠాలో కద్దూ కీ ఖీర్ కనబడితే పిల్లల కంటే ముందు వాళ్ళే గిన్నె జరుపుతారు. తెలుగులో సొరకాయ, కొన్ని జిల్లాల్లో ఆనపకాయ, మన ఇళ్ళల్లో మాత్రం కద్దూ. లేతగా కోసుకుంటే రెండు పూటల్లో అయిపోయే కూర అది. కోయకుండా తీగ మీదే ముదరనిస్తే సంగతి మారిపోతుంది. గుజ్జు ఎండిపోతుంది, పైతోలు చెక్కలా బిగుస్తుంది, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఇక దాన్ని కూరగాయ అనలేం. చెంబు, గరిటె, దీపం, పిట్టగూడు, వాద్యం, చేతిలో హునర్ ఉంటే ఏదైనా అవుతుంది. తెలుగులో దాని పేరు సొరబుర్ర, ఉర్దూలో తూంబా.

లేని గొప్పలు చెప్పుకుంటే తెలుగువాళ్ళు ‘సొరకాయ కోతలు’ అంటారు. ఇక్కడ రాస్తున్నవి ఆ కోతలు కావు. కోయకుండా ఎండబెట్టిన కాయల తారీఖ్.

దీనికి సబబ్ మా పెద్దమ్మాయి. ఏడో తరగతి చదువుతోంది. ఒకరోజు హిస్టరీ క్లాసు అయ్యాక పక్క బెంచీ పిల్ల ‘మీవాళ్ళకి కత్తులు పట్టడం తప్ప ఇంకేం వచ్చు?’ అని అడిగిందట. తిట్టలేదు, ఎగతాళి చేయలేదు, వర్షం వస్తుందా అన్నంత మామూలుగా అడిగింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మామూలుతనమే. ఇంటికొచ్చి మా పిల్ల నన్నడిగింది: “అబ్బా, మనవాళ్ళు నిజంగా ఇంకేం చేయలేదా?”

చార్మినార్ ఉంది కదా, తాజ్‌మహల్ ఉంది కదా అనొచ్చు. కానీ అవి బాద్షాల పేర్లతో నిలబడ్డవి. మా ఖాందాన్‌లో బాద్షాలెవరూ లేరు, మీ ఖాందాన్‌లోనూ ఉండి ఉండరు. పదో తరగతి దాకా నేను ఉర్దూ మీడియంలో చదివాను. తారీఖ్ కితాబ్ నిండా తఖ్త్‌లూ జంగ్‌లే. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. అక్కడి చరిత్ర పుస్తకం నిండా కూడా సింహాసనాలూ యుద్ధాలే. రెండు జబాన్లలోనూ కారీగర్ కనబడలేదు. అందుకే పిల్లకి జవాబు నోటితో చెప్పకుండా చేతులతో చెప్పాలనుకున్నాను. ఆ వానాకాలం పెరట్లో పందిరికి పాకిన తీగ మీద నాలుగు కాయలు కోయకుండా వదిలేశాం. “కైకు ఛోడ్ దియే మియా, అచ్ఛే భలే కద్దూవా” అని మా అమ్మీ రోజూ సణిగేది. బంగారంలాంటి కాయల్ని ఎందుకు పాడుచేస్తున్నావని ఆమె ఫిర్యాదు. ఎండాకాలం సెలవుల్లో ఆ కాయలు కిందికి దింపి, పని చేసుకుంటూ పిల్లలకి చెప్పిన కబుర్లే ఇవి.

సముందర్ మీద తేలొచ్చిన కాయ

సొరతీగ పుట్టిల్లు ఆఫ్రికా. అడవి సొరతీగ జింబాబ్వేలో దొరికింది. మనిషి సాగు చేసిన మొక్కల్లో చాలా పాతవాటిలో ఇదొకటి. విచిత్రం ఏమిటంటే, కొలంబస్ పుట్టడానికి వేల ఏళ్ళ ముందే ఇది అమెరికా ఖండాల్లో కూడా ఉంది. దాదాపు 10,000 ఏళ్ళ నాటి సొరపెంకులు అక్కడి తవ్వకాల్లో బయటపడ్డాయి. ఎవరు తీసుకెళ్ళారన్న దాని మీద చాలాకాలం బహస్ నడిచింది. 2014లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన అవి ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ నీళ్ళ మీద తేలుకుంటూ వెళ్ళినవని చెప్పింది. ఎండిన సొరకాయ నెలల తరబడి ఉప్పునీటిలో తేలినా లోపలి గింజలు మొలకెత్తుతాయి. పడవా మనదే, సామానూ మనదే అన్నట్టు ప్రయాణం చేసిన కాయ అది.

పెరూ తీరంలో హువాకా ప్రియెటా అనే చోట 1946లో జూనియస్ బర్డ్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్వితే, మనుషుల ముఖాలు చెక్కిన చిన్న సొరబుర్రలు దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్ళు పైమాటే. మా చిన్నోడు బుర్ర మీద పెన్సిల్‌తో మీసాల ముఖం గీస్తుంటే ఈ సంగతి చెప్పాను. “అంటే నాకంటే ముందే ఎవరో కాపీ కొట్టేశారన్న మాట” అన్నాడు.

యక్తీన్, దుబ్బా

మనకి ఈ తీగతో రిష్తా ఖుర్ఆన్ నుంచే ఉంది. హజ్రత్ యూనుస్ అలైహిస్సలాం చేప కడుపులోంచి బయటపడి, ఒడ్డున నీరసంగా పడి ఉన్నప్పుడు అల్లాహ్ ఆయన మీద ఒక మొక్కను మొలిపించిన సంగతి సూరహ్ అస్సాఫ్ఫాత్‌లో ఉంది. దాని పేరు యక్తీన్. అది కద్దూ తీగేనని చాలామంది ముఫస్సిరీన్ చెప్పారు. వెడల్పు ఆకులు, చల్లని నీడ. పందిరి కింద నిలబడితే ఎందుకో అర్థమవుతుంది.

హదీసుల్లో మరో సంగతి ఉంది. మదీనాలో ఒక దర్జీ రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంను దావత్‌కి పిలిచాడు. జొన్నల్లాంటి ఖరీదు తక్కువ ధాన్యమైన బార్లీతో చేసిన రొట్టె, ఎండుమాంసం, కద్దూ వేసిన షోర్బా పెట్టాడు. ఆయన గిన్నెలోంచి కద్దూ ముక్కలు వెతుక్కుని తినడం పక్కనున్న హజ్రత్ అనస్ రజియల్లాహు అన్హు చూశారు. ఆ రోజు నుంచి ఆయనకీ కద్దూ అంటే ఇష్టం ఏర్పడింది. ఈ ముచ్చట మనం సున్నత్ చెప్పుకోవడానికి వాడతాం. మా పిల్లలకి నేను ఇంకొకటి కూడా చూపించాను. పిలిచినవాడు సర్దార్ కాదు, దర్జీ. సూదీ దారంతో బతికే మనిషి.

అప్పటి అరబ్బులు ఎండిన కద్దూని పాత్రగా కూడా వాడేవారు. దాన్ని దుబ్బా అనేవారు. అబ్దుల్ ఖైస్ ఖబీలావాళ్ళు మదీనాకి వచ్చినప్పుడు దుబ్బాలో నబీజ్ నానబెట్టడం మానమన్నారు. అందులో పోసింది తొందరగా పులిసి మత్తెక్కేది కాబట్టి. తర్వాత ఏ పాత్రలోనైనా తాగవచ్చని, మత్తెక్కించేది మాత్రం తాగకూడదని ఇజాజత్ ఇచ్చారు. తప్పు పాత్రలో లేదు, పోసినదాంట్లో ఉంది. మన పల్లెల్లో కూడా సొరబుర్రలో కల్లు పోసేవాళ్ళున్నారు, విత్తనాలు దాచుకునేవాళ్ళున్నారు, పిల్లల వీపుకి కట్టి బావిలో ఈత నేర్పేవాళ్ళున్నారు. ఫఖీర్ చేతిలోని తూంబా, సాధువు చేతిలోని కమండలం కూడా చాలాసార్లు ఒకే తీగ కాయలు.

బావా గోర్ దర్గా దగ్గరి విల్లు

ఆఫ్రికా నుంచి కాయ ఒక్కటే రాలేదు, దానితో సాజ్ చేయగలిగిన మనుషులూ వచ్చారు. కొందరు వ్యాపారులుగా, కొందరు సిపాయిలుగా, చాలామంది గులాములుగా. వాళ్ళే సిద్దీలు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే మొహల్లా ఉంది కదా. ఏసీ అంటే చల్లగాలి మిషన్ కాదు, నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అక్కడున్నది ఆ సిద్దీ సవారుల ఔలాద్.

గుజరాత్‌లో భరూచ్ దగ్గర రతన్‌పూర్‌లో బావా గోర్ దర్గా ఉంది. అక్కడి సిద్దీల దగ్గర మలుంగా అనే వాద్యం ఉంది. ఒక విల్లు, దానికి ఒక తీగ, తీగకి ఆనించి కట్టిన ఒక బుర్ర. పుల్లతో కొడితే బుర్ర ఆ చప్పుడుని పెంచుతుంది. అట్లాంటిక్ అవతల బ్రెజిల్‌లో, ఆఫ్రికా నుంచి గులాములుగా తీసుకెళ్ళిన వాళ్ళ సంతానం వాయించే బెరింబావ్ కూడా అచ్చం ఇలాంటిదే. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. గొలుసులతో తీసుకుపోయినవాళ్ళ దగ్గర సామాన్లు లాక్కోవచ్చు, చేతుల్లోని హునర్‌ని లాక్కోలేరు. మాలి, సెనెగల్, గాంబియాల్లో మాండింకా ముస్లిం ఖాందాన్లు వాయించే కోరా కూడా ఇదే కాయ. పెద్ద బుర్రని సగానికి కోసి, ఆవుతోలు బిగించి, 21 తీగలు కడతారు. 2024లో ఇంతెఖాల్ అయిన తుమానీ జబాతే కోరాని ప్రపంచమంతా వినిపించారు. ఆ విద్య ఆయనకి తండ్రి తాతల నుంచి వచ్చిన మీరాస్.

మిరజ్‌లో సికల్‌గర్లు

ఇప్పుడు అసలు జవాబు దగ్గరికొస్తున్నాను. మా పిల్ల ప్రశ్న కత్తుల గురించి కదా.

సికల్‌గర్ అన్న మాట మీరు వినే ఉంటారు. ఉర్దూలో సైఖల్ అంటే మెరుగు పెట్టడం. తల్వార్లు, బల్లేలు చేసి, సాన పట్టి, అద్దంలా మెరిపించే కారీగర్లు సికల్‌గర్లు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మిరజ్ ఊళ్ళో అలాంటి ఖాందాన్లు ఉండేవి. ఆ ఊరు ఒకప్పుడు బీజాపూర్ ఆదిల్‌షాహీల కింద ఉండేది. ఆ వంశంలోని రెండో ఇబ్రహీం ఆదిల్‌షా తన తంబూరాకి మోతీ ఖాన్ అని పేరు పెట్టుకున్న బాద్షా. దక్కనీలో కితాబే నౌరస్ రాసిందీ ఆయనే. తర్వాత మిరజ్ పట్వర్ధన్ల చేతికొచ్చింది. 1818లో పీష్వాల రాజ్యం కూలి ఇంగ్లీషువాళ్ళ అధికారం స్థిరపడ్డాక, జాగీర్ల కొట్లాటలు తగ్గాయి. తుపాకుల ముందు తల్వార్‌కి గిరాకీ పోయింది. సికల్‌గర్ల పొయ్యిలో పిల్లి పడుకునే రోజులొచ్చాయి.

19వ శతాబ్దం మధ్యలో ఫరీద్‌సాహెబ్ అనే సికల్‌గర్ సితార్లు, తంబూరాలు చేయడం మొదలుపెట్టారు. పట్వర్ధన్ పాలకుల దర్బార్‌కి పాటగాళ్ళు వచ్చేవారు, వాళ్ళ సాజ్‌లు బాగు చేసేవాళ్ళు కావాలి. లోహాన్ని సన్నగా సాగదీయడం, చెక్కని చెక్కడం, వెంట్రుకవాసి తేడా కూడా కంటితో పట్టుకోవడం ఆ చేతులకి ముందే వచ్చు. కత్తి అంచు మీద పట్టిన పదునే తీగ మీద పట్టారు. ఆయన తర్వాత ఖాందాన్ అంతా ఆ పనిలోకి వచ్చింది. సికల్‌గర్ అన్న పేరు వెనక్కి పోయి, ఇంటిపేరే సితార్‌మేకర్ అయ్యింది. ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన అలాంటి ఇంటిపేరు ఇంకెక్కడైనా ఉందా?

పని ఎలా ఉంటుందో వినండి. భోప్లా అనే పెద్ద చేదు సొరకాయలు పండర్‌పూర్ చుట్టుపక్కల పొలాల్లో పండుతాయి. విఠోబా ఊరి రైతు పండించిన కాయ మిరజ్ కారీగర్ ఇంటికి వస్తుంది. తీగ మీద నేలకి తగిలే తీరుని బట్టి కాయ ఆకారం వస్తుంది కాబట్టి రైతు కూడా సగం కారీగరే. నెలలు ఎండిన కాయని నీళ్ళలో నానబెట్టి మెత్తబరుస్తారు. పైభాగం కోసి, గింజలూ పీచూ గీకేస్తారు. గుండ్రం చెడకుండా లోపల కర్రపుల్లలు అడ్డం పెట్టి మళ్ళీ ఆరబెడతారు. తున్ అనే చెక్కతో మెడ, దాండీ చేసి అతికిస్తారు. పైన ఆకులూ పువ్వులూ చెక్కి, లక్క పాలిష్ చేస్తారు. చివరిది జవారీ. తీగలు ఆనే గుర్రాన్ని ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, వింటూ, మళ్ళీ అరగదీస్తారు. ఝుమ్మని తేనెటీగల నాదం రావాలి. ఒక గీత ఎక్కువ పడితే పాడైపోతుంది. ఇది కితాబ్‌లో రాయడానికి కుదరదు. పిల్లలు పక్కన కూర్చుని చెవితో నేర్చుకోవాలి. ఏడేడు తరాల ఇలాంటి దుకాణాలకి ఇల్లే మదర్సా.

కిరానా ఘరానా ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ మిరజ్‌లోనే స్థిరపడ్డారు. 1937లో ప్రయాణంలో ఉండగా పోయారు. ఆయన ఖబర్ మిరజ్‌లో ఖ్వాజా షమ్నా మీరా దర్గా ఆవరణలోనే ఉంది. ఏటా అక్కడ ఆయన యాద్‌లో సంగీత మహఫిల్ జరుగుతుంది. ఆయన షాగిర్ద్ సవాయ్ గంధర్వ, సవాయ్ గంధర్వ శిష్యుడు భీమ్‌సేన్ జోషి. ఆ పాటల వెనకాల మోగే తంబూరాలకి మిరజ్ పేరు పెట్టింది పేరు. 2024లో మిరజ్ సితార్‌కి, తంబూరాకి జీఐ గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, పనిలోకి వచ్చే పిల్లలు తగ్గుతున్నారు. ఎలక్ట్రానిక్ తంబూరా ఫోన్‌లోనే దొరుకుతోంది. చేదుకాయ పండించే రైతుకి మంచి ధర రాకపోతే ఆ పొలంలో చెరకు వేస్తాడు.

“చూడు బేటీ” అన్నాను, “కత్తులు చేసినవాళ్ళు మనలో ఉన్నారు. అన్ని కౌమ్‌లలోనూ ఉన్నారు. కత్తులు పక్కన పెట్టి సొరకాయ పట్టుకున్నవాళ్ళు కూడా మనలో ఉన్నారు. నీ స్నేహితురాలికి కోపంగా జవాబు చెప్పకు. ఈ ఊరి పేరు చెప్పు.”

తెలుగు బుర్ర

మిరజ్ దూరం అనుకుంటే గుంటూరు దగ్గరే. బుర్రకథలోని ‘బుర్ర’ కథకుడి భుజం మీది తంబూరా కింద ఉండే బోలు భాగాన్ని బట్టి వచ్చిన మాట అంటారు. ఆ బుర్రకథకి పితామహుడని తెలుగు దేశమంతా పిలిచిన మనిషి షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు, 1997లో పోయారు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన గొంతులో విని ఊళ్ళకి ఊళ్ళు తెల్లారేదాకా కూర్చున్నాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. దూది ఏకే ఖాందాన్‌లో పుట్టిన ఆయన తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు ‘పింజారి’. జనం తిట్టుగా వాడే మాటని అట్ట మీద పెద్ద అక్షరాలతో వేయించుకున్నారు.

తెలంగాణలో కిన్నెర ఉంది. వెదురు బొంగుకి ఎండిన సొరబుర్రలు కట్టి, తేనెమైనంతో మెట్లు నిలబెట్టిన వాద్యం. డక్కలి కులంలోని కళాకారులు దాన్ని బతికించుకొచ్చారు. నాగర్‌కర్నూల్ జిల్లాకి చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడారు. 2022లో ఆయనకీ పద్మశ్రీ వచ్చింది. నాజర్ సాబ్, మొగిలయ్య ఇద్దరూ సమాజం కింద కూర్చోబెట్టిన ఇళ్ళ నుంచే వచ్చారు. ఇద్దరి చేతిలోనూ బుర్రే ఉంది.

ఇంట్లో చేసుకునే తరీఖా

మీరూ పిల్లలతో చేయాలనుకుంటే నాకు తెలిసింది చెబుతాను. కాయని తీగ ఎండేదాకా ఉంచండి. కొద్దిగా తొడిమతో కోసి, గాలి ఆడే నీడలో వేలాడదీయండి. కాయ సైజుని బట్టి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మధ్యలో పైన నల్లని బూజు పడుతుంది, కంగారుపడి పారేయకండి. మెత్తబడి నీరు కారితేనే కుళ్ళినట్టు. తేలికై, గింజలు గలగలమన్నప్పుడు తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచి, గిన్నెలు తోమే స్టీలు పీచుతో రుద్దితే పైపొర పోయి బంగారు రంగు పెంకు బయటపడుతుంది. ఈ పని పిల్లలకి పండగే.

కోయడం పెద్దవాళ్ళ పని. సన్నపళ్ళ రంపం వాడండి. లోపల గీకేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కొంచెం తడిపి గీకండి. ఒకటి గట్టిగా యాద్ పెట్టుకోండి: చేదుగా ఉన్న సొరకాయని తినకూడదు, రసం తాగకూడదు, అది విషమే. చేదుకాయ కనబడితే దాన్ని దస్తకారీకి వదిలేయండి.

మా నాలుగు కాయల్లో ఒకటి పగిలిపోయింది. ఆ ముక్కలతో మా బేగం గరిటెలు చేసింది. పొడుగు మెడ కాయకి చిన్నోడు గుండ్రటి బెజ్జం పెట్టించుకుని పిట్టగూడుగా మామిడిచెట్టుకి కట్టాడు. మూడోది ఏక్‌తారా. వెదురుకర్ర, ఒక ఉక్కు తీగ, సైకిల్ షాపు నుంచి తెచ్చిన బోల్టు. సుర్ కంటే రొద ఎక్కువ. గుండ్రంగా ఉన్న పెద్దకాయని అమ్మాయి అడిగి తీసుకుంది. చత్తీస్‌గఢ్ బస్తర్‌లో ఆదివాసీలు వేడిచేసిన కత్తితో తూమా మీద బొమ్మలు కాల్చి, బెజ్జాలు పెట్టి దీపాలు చేస్తారు. అలాంటిదే రమ్జాన్ ఫానూస్ కావాలంది. పెన్సిల్‌తో చాంద్, బేలబూటే గీసింది. నేను డ్రిల్ పట్టుకున్నాను, ఎక్కడ బెజ్జం పెట్టాలో ఆమె చెప్పింది. లోపల కొవ్వొత్తి పెట్టకండి, పెంకు అంటుకుంటుంది. చిన్న ఎల్ఈడీ బల్బు చాలు.

పనంతా అయ్యేదాకా సణిగిన మా అమ్మీ, ఫానూస్ వెలిగాక దాన్ని తిప్పి తిప్పి చూసింది. వాళ్ళ నాన్న కాలంలో ఇంట్లో నీళ్ళు తోడేందుకు తూంబా ఉండేదని, స్టీలు చెంబు రాగానే దాన్ని పారేశారని అప్పుడు చెప్పింది. నేను నలభై ఏళ్ళలో ఆమెని అడగని సంగతి అది. కాయ చేతికివ్వగానే తనే చెప్పింది.

మన ఇళ్ళల్లో పింజారీలు, రంగ్రేజ్‌లు, దర్జీలు, నఖ్ఖాష్‌లు, మనిహార్‌లు, అత్తార్‌లు, సికల్‌గర్లు ఉన్నారు. డిగ్రీలు రాగానే, నౌకరీలు రాగానే ఆ పేర్లు దాచేసుకున్నాం. సంబంధాలు మాట్లాడేటప్పుడు దాదా ఏం చేసేవారంటే ‘బిజినెస్’ అంటున్నాం. మనమే దాచుకున్న చరిత్రని ఇంకొకరు వచ్చి పాఠంలో ఎలా రాస్తారు? ఖాళీ వదిలిన చోట తల్వార్ బొమ్మ ఒక్కటే మిగిలింది. మిరజ్‌వాళ్ళు తమ పనిని ఇంటిపేరుగా మార్చుకున్నారు, నాజర్ సాబ్ తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నారు. మనం కనీసం పిల్లలకి చెప్పగలం.

ఈ వానాకాలం ఒక తీగ పాకించండి. ఒక కాయ కోయకుండా వదలండి. అది ఎండేలోపు ఇంట్లో బుజుర్గుల పక్కన కూర్చుని, మీ దాదా చేతులు, నానీ చేతులు ఏ పని చేసేవో అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కాయ మళ్ళీ కాస్తుంది. బుజుర్గులు మళ్ళీ రారు.